ఎకరము పొలము – అంతర్జాతీయ న్యాయము

గడచిన సంక్రాంతి సెలవులలో కంకిపాటి రైతొకరు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినారు. ఆ బాలిక పదవ తరగతి వరకు నా యొద్ద చదివినది. ఇంటరు ముగించి, అయిదేండ్లు చదివి న్యాయశాస్త్రమున పట్టము పొందినది. ఇప్పుడామె కోరిక అంతర్జాతీయ న్యాయములో ఎల్.ఎల్.ఎం. చదువవలెనని. ఐరోపాలోని యొక విశ్వవిద్యాలయమున చోటు కూడ దొరకినదట. తండ్రి కుర్చీ అంచున కూర్చుండి, “మాస్టారూ! ఎకరం అమ్మితే సరిపోతుందంటోంది అమ్మాయి. అమ్మమంటారా, వద్దంటారా? మీరేమంటే అదే,” అన్నారు. కొంచె మాగి, “ఇంకో మాటండీ. మనకు కోర్టు విజయవాడలో ఉంది. హైకోర్టు అమరావతిలో ఉంది. ఈ అంతర్జాతీయ కోర్టు ఎక్కడో సముద్రాల అవతల ఉందట. అక్కడ మన కంకిపాడు కేసులేముంటాయి?” అని కూడ అడిగినారు.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. కారణ మున్నది. పదునైదేండ్ల క్రిందట ఇట్టి ప్రశ్ననే వేరొక తండ్రి అడిగినప్పుడు, “అమ్మండి, చదువుకంటె పొలమెక్కువా?” అని తడవుకొనక చెప్పినవాడను నేనే. ఆ పిల్లవాడు విదేశమునకు పోయెను. ఏడాదిలో పట్టము చేతికి వచ్చెను. ఆ దేశమున న్యాయవాదిగ పనిచేయుటకు ఆ పట్టమొక్కటియే చాలదని అక్కడికి పోయిన పిమ్మటనే అతనికి తెలిసినది. తుదకు అప్పు తీర్చుటకై న్యాయశాస్త్రముతో పొత్తులేని కొలువున కుదురుకొన్నాడు. అతని తండ్రి నన్నెన్నడును నిందింపలేదు. దారిలో ఎదురై ఆయన నమస్కరించినప్పుడెల్ల నాకే తల వంగును.

కావున ఈ పర్యాయము రెండు ప్రశ్నలను విడదీసి ఆలోచించితిని. ఈ చదువుతో మన కేమి పని? పని గలదందుమా, దానికై ఎకరము అమ్మవలెనా? మొదటిదానికి ‘అవును’ అన్నంత మాత్రమున రెండవదానికిని ‘అవును’ అని కాదు. మనము తరచుగ పొరపడుట ఇచ్చటనే.

ముందుగ మొదటి ప్రశ్న. కంకిపాటి నడుమనుండి పోవు బందరు రోడ్డు ఉయ్యూరు, పామర్రు దాటి మచిలీపట్టణము చేరును. గోలకొండ సుల్తానుల కాలమున అది పేరుగన్న రేవు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఆ రేవున దిగి వర్తకము మొదలిడిరి. అదే కాలమున, 1609లో, హ్యూగో గ్రోషియస్ అను డచ్చి పండితుడు ‘స్వేచ్ఛా సముద్రము’ అను అర్థమిచ్చు పేరుతో లాటిను భాషలో చిన్న గ్రంథమొకటి ప్రకటించెను. సముద్రము ఏ యొక్క రాజ్యపు సొత్తును కాదనియు, తూర్పు దేశములతో వర్తకము చేయుటకు పోర్చుగీసువారి కెంత హక్కు గలదో డచ్చివారికిని అంత హక్కు గలదనియు అతని వాదము. అంతర్జాతీయ న్యాయ విద్యార్థులు నేటికిని ఆ గ్రంథమును తెలిసికొనక ముందునకు సాగరు. ఆ వాదము పుట్టినది మన రేవులకు వచ్చు ఓడల దారినిగూర్చియే. అయితే అది వర్తక సంఘమువారి తరఫున వ్రాసిన వాదమనియు మరువరాదు. సముద్రము అందరిదని చెప్పిన నోటనే ఆ ఓడల వెనుక ఫిరంగులు కూడ వచ్చినవి. ఏ సూత్రమైనను ఎవరి మేలు కోరి పుట్టినదని అడుగ నేర్చుటయే ఈ శాస్త్రమున మొదటి పాఠము.

అంతకు మూడున్నర శతాబ్దములకు పూర్వమే, 1244 ప్రాంతమున, కాకతీయ గణపతిదేవుడు చీరాల చేరువనున్న మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు దెబ్బతిని ఓడలు ఒడ్డునకు కొట్టుకొని వచ్చినప్పుడు అందలి సరకంతయు పూర్వపు రాజులు లాగుకొనెడివారు. తాను నిర్ణీతమైన సుంకము మాత్రమే గైకొని తక్కినది వర్తకులకే విడిచితినని ఆ రాజు శిలపై వ్రాయించెను. మన పిల్లలు కాకతీయుల చెరువులనుగూర్చి చదువుదురు, తోరణములనుగూర్చి చదువుదురు. ఈ శాసనమును కూడ చదువవలెను. కాని దీనిని చూపి ‘అన్నియు మనకు మునుపే కలవు’ అని మీసము మెలివేయుట తగదు. మోటుపల్లి శాసనము ఒక రాజు దయ. దయతో ఇచ్చినదానిని తరువాతి రాజు కోపముతో తీసికొనవచ్చును. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఉభయులును సమ్మతించి, మాట తప్పినచో ఒకరినొకరు నిలదీయగల స్థితియే న్యాయము. దయకును హక్కునకును గల ఈ భేదము తెలియనివారికి అంతర్జాతీయ న్యాయము బోధపడదు.

ఇది యంతయు పాత కథ యందురేమో. క్రొత్త కథ వినుడు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు కూలికై గుజరాతు తీరమునకు పోయి అక్కడి పడవలలో పనిచేయుదురు. 2018 చివర అట్టివారిని పాకిస్తాను నావిక రక్షకులు పట్టుకొని కరాచీలో చెరబెట్టిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున మన నేలపై అడుగిడిరి. ఏడాదికి పైగ చెరలో నుండిరి. వారి యిండ్లలోని స్త్రీలకు ఏ కార్యాలయమునకు పోవలెనో, ఎవరికి అర్జీ పెట్టవలెనో చెప్పగలవారు అరుదు.

1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర న్యాయ ఒడంబడికకు భారతదేశమును, పాకిస్తానును కట్టుబడియున్నవి. అందులోని 73వ అధికరణము ప్రకారము, తీరము నుండి 200 నాటికల్ మైళ్ళ వరకు వ్యాపించిన ఆర్థిక మండలములో చేపల వేటకు సంబంధించిన తప్పునకు, ఉభయ దేశముల నడుమ వేరొక ఒప్పందము లేనియెడల, చెరశిక్ష విధింపరాదు. తగిన పూచీ తీసికొని పడవను, అందలి మనుష్యులను త్వరగ విడిచిపెట్టవలెను. అయితే తీరమునకు 12 మైళ్ళ లోపలి జలములకు ఈ నియమము వర్తింపదు. కావున పడవ ఏ చోట పట్టుబడినదన్నదే ముఖ్యమైన ప్రశ్న యగును. 2008 నాటి యొప్పందము ననుసరించి ఏటేట జనవరి 1న, జూలై 1న ఉభయ దేశములును తమ చెరలలోని ఖైదీల, మత్స్యకారుల జాబితాలను ఇచ్చిపుచ్చుకొనుచున్నవి. ఈ మూడు సంగతులు తెలిసిన న్యాయవాది యొక్కరు తీరపు పల్లెలో నున్న యెడల ఆ స్త్రీల అర్జీ వేరు విధముగ నుండెడిది. కంకిపాటి తండ్రి అడిగినదానికి నా తొలి సమాధాన మిదియే.

మలి సమాధానము మన కాలువలోని నీరు. 1855 నాటి ఆనకట్టతో, 1957 నాటి ప్రకాశం బ్యారేజితో మన డెల్టా బ్రతుకుచున్నది. కృష్ణ నీటి పంపకమునకై 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు, నూటికి డెబ్బదియైదేండ్లు నమ్మదగిన నీరు 2060 టి.ఎం.సి. అని లెక్కించి, మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 చొప్పున పంచెను. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట మన వాటా మాట మరల పైకి వచ్చినది. ఇది దేశములోపలి తగాదా. అంతర్జాతీయ న్యాయము కాదు, నిజమే. కాని ఎగువవాని అవసరమును, దిగువవాని పాత వాడుకను ఎట్లు తూచవలెనన్న ఆలోచన రెంటికిని ఒక్కటియే. 1907లో అమెరికా సుప్రీంకోర్టు కాన్సాస్, కొలరాడో రాష్ట్రముల తగాదాలో పట్టిన దారియును, 1966 నాటి హెల్సింకి నియమములును, 1997 నాటి ఐక్యరాజ్య సమితి నదుల ఒడంబడికయును ఆ తూనికనుగూర్చియే చెప్పుచున్నవి. ఈ కడపటిదానిపై ఓటింగు జరిగినప్పుడు భారతదేశము తటస్థముగ నుండెను. ఎందులకు? గంగపై మనము బంగ్లాదేశమునకు ఎగువవారము, బ్రహ్మపుత్రపై చైనాకు దిగువవారము. ఒక గట్టుననున్న వాదమే రెండవ గట్టున మనకు ఎదురు తిరుగును. దిగువనున్న మన డెల్టా విద్యార్థికి ఈ చదువు నేర్పు సంస్కారము ఎగువవాని కన్నుతో కూడ నీటిని చూచుట.

ఇచ్చట ఒక ఆక్షేపణ వచ్చును. ‘కర్ర ఉన్నవానిదే బర్రె, బలిసిన దేశములు ఏ న్యాయమును లెక్కచేయును?’ అని. ఈ మాటలో చాల నిజమున్నది. నేటి యుద్ధముల వార్తలు చదువుచు దీనిని కాదనుట ఎవరి తరము? కాని ఇదియొక్కటే నిజము కాదు. బంగాళాఖాతమున సరిహద్దునుగూర్చి బంగ్లాదేశము మనపై తెచ్చిన వ్యాజ్యమున 2014 జూలై 7న తీర్పు వచ్చినది. వివాదములోనున్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశమునకు దక్కినవి. పెద్ద దేశము మనది. పోగొట్టుకొన్న పాలును మనదే. అయినను భారత ప్రభుత్వము ఆ తీర్పును అంగీకరించెను. నలువది యేండ్ల తగాదా సమసెను. కర్ర యున్నవాడు కర్రను ప్రక్కన బెట్టిన దినములును కలవు. అట్టి దినముల సంఖ్య పెరుగుటకై పాటుపడుటయే ఈ విద్యార్థి పని.

ఈ పని చేసిన తెలుగువారు లేకపోలేదు. నాటి కృష్ణా జిల్లా వీరులపాడున 1936లో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావుగారు హాంబర్గు నగరములోని అంతర్జాతీయ సముద్ర న్యాయ ట్రిబ్యునలున 1996 నుండి 2017 వరకు న్యాయమూర్తిగ నుండి, 1999 నుండి 2002 వరకు దానికి అధ్యక్షత వహించిరి. ఆ ట్రిబ్యునలు ఇచ్చిన తొలి తీర్పే, 1997 డిసెంబరులో, పట్టుబడిన ‘సైగా’ అను ఓడను, దాని సిబ్బందిని త్వరగ విడిపించుటనుగూర్చినది. ఆయన అధ్యక్షులుగనున్న 2000 ఫిబ్రవరిలో, ఫ్రాన్సు పట్టుకొనిన ‘కామూకో’ అను చేపల ఓడను ఎనుబది లక్షల ఫ్రాంకుల పూచీపై విడువవలెనని తీర్పు వచ్చినది. ఫ్రాన్సులోని న్యాయస్థానము అడిగినది రెండు కోట్ల ఫ్రాంకులు. చేపల ఓడ, చెర, పూచీ — శ్రీకాకుళపు మత్స్యకారుల కథలోని మాటలే. వాటిపై తీర్పు చెప్పు పీఠమున నడిమి ఆసనమునందు మన పల్లెనుండి పోయిన వ్యక్తి కూర్చుండెను. 2018లో ఆయన కాలధర్మము చెందిరి.

రెండవవారు పెమ్మరాజు శ్రీనివాసరావుగారు. విదేశాంగ మంత్రిత్వ శాఖలో న్యాయ సలహాదారుగ పనిచేసిరి. 1987 నుండి 2006 వరకు ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ న్యాయ సంఘమున సభ్యులు. ఒక దేశములోని పనివలన పొరుగు దేశమునకు కీడు కలుగకుండ చూచు నియమములను 2001లో ఆ సంఘము రూపొందించినప్పుడు ఆ పనికి ప్రత్యేక నివేదకులు వీరే. పైని చెప్పిన బంగాళాఖాతపు వ్యాజ్యములోని అయిదుగురు తీర్పరులలోను వీరొకరు. కొన్ని అంశములలో తక్కినవారితో ఏకీభవింపక తమ భిన్నాభిప్రాయమును వ్రాసిరి.

ఈ పేర్లు చెప్పి పిల్లలను ఉబ్బించుట నా ఉద్దేశము కాదు. వీరి జీవితములలో గమనింపవలసిన సంగతి వేరు. చంద్రశేఖరరావుగారు హాంబర్గు చేరునాటికి అరువది యేండ్లవారు. అంతకుముందు కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖలో కార్యదర్శిగ ఎనిమిదేండ్లు పనిచేసిరి. 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టపు రూపకల్పనలో వారి చేయి యున్నది. అనగా దేశపు న్యాయములో పండిన పిమ్మటనే లోకపు న్యాయము వారిని పిలిచెను. పట్టము పుచ్చుకొనిన మరునాడు ఎవరికిని హాంబర్గు నుండి ఉత్తరము రాదు.

ఇక రెండవ ప్రశ్నకు వత్తము. ఎకరము అమ్మవలెనా?

ఎల్.ఎల్.ఎం. అనునది సాధారణముగ విదేశములలో ఏడాది చదువు. అది జ్ఞానమిచ్చును, పరిచయము లిచ్చును, ఒక పెద్ద గ్రంథాలయపు తలుపు తెరచును. కాని ఆ దేశమున వాదించుటకు అనుమతి దానంతట అది ఈయదు. అందుకు వేరు పరీక్షలు, వేరు షరతులు గలవు. హేగు న్యాయస్థానమున న్యాయమూర్తులు పదునైదుగురు, హాంబర్గున ఇరువదియొక్కరు. ఐక్యరాజ్య సమితి కొలువులకు లోకమంతయు పోటీపడును. మన దేశమున విదేశాంగ శాఖలోని న్యాయ, సంధుల విభాగము, విశ్వవిద్యాలయములు, ఓడల రవాణా, ఎగుమతుల తగాదాలు, అంతర్జాతీయ మధ్యవర్తిత్వము — ఇవి దారులు. దారులు కలవు గాని వెడల్పైనవి కావు. ఇది తెలిసి నడచువారు చేరుదురు. వీసాకై ఈ పట్టమును మెట్టుగ వాడుకొన దలచువారు మాత్రము అంతకంటె చౌకయైన మెట్లు వెదకుకొనుట మేలు.

చదువవలెనన్న తపనయే నిజమైనచో, తొలి మెట్టు ఇంటి చేరువనే కలదు. హైదరాబాదులో 1998లో నెలకొనిన నల్సార్, విశాఖపట్టణమున 2008లో నెలకొనిన దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయము — ఈ రెండింటను ఎల్.ఎల్.ఎం. కలదు, క్లాట్ పరీక్ష వ్రాసి చేరవచ్చును. ఢిల్లీలోని దక్షిణాసియా విశ్వవిద్యాలయమున అంతర్జాతీయ న్యాయములోనే ఎల్.ఎల్.ఎం. నేర్పుదురు, పొరుగు దేశముల విద్యార్థులతో ఒక్క బల్లపై కూర్చుండి వాదించుట అక్కడి లాభము. ఢిల్లీలోనే 1959లో స్థాపింపబడిన భారత అంతర్జాతీయ న్యాయ సమాజము కలదు. హేగు నగరములోని అంతర్జాతీయ న్యాయ అకాడమీ 1923 నుండి వేసవి పాఠములు చెప్పుచున్నది. కొన్ని వారముల చదువు, కొందరికి వేతనములును కలవు. విదేశమున ఏడాది చదువవలె ననువారికి చీవెనింగ్, కామన్వెల్తు, ఫుల్‌బ్రైటు, ఎరాస్మస్ వేతనములు. షెడ్యూల్డు కులములు మొదలగువారికి భారత ప్రభుత్వపు విదేశీ విద్యావేతనము కలవు. వీటిలో కొన్నింటికి రెండు మూడేండ్ల పని యనుభవము కావలెను. ఆ యేండ్లు వ్యర్థము కావు. విజయవాడ కోర్టులో వకాలతు దాఖలు చేసినవారికే ఒడంబడికలోని ఒక్కొక్క మాట బరువు తెలియును.

నా మాట యిది: పొలము కడపటి మెట్టు కావలెను గాని మొదటిది కారాదు.

ఉపాధ్యాయ మిత్రులారా, మన పని కొంత కలదు. మన రాజ్యాంగములోని 51వ అధికరణము అంతర్జాతీయ న్యాయమును, సంధుల బాధ్యతలను గౌరవించుట పెంపొందింపవలెనని రాజ్యమునకు చెప్పుచున్నది. తరగతిలో దానిని ఒక్క వాక్యముగ చదివి ముందునకు పోదుము. అచ్చట ఒక్క గంట ఆగి, మోటుపల్లి శాసనమును, మత్స్యకారుల చెరను, కాలువ నీటిని చెప్పినచో ఆ వాక్యమునకు ప్రాణము వచ్చును. 1997లో విశాఖ కేసున సుప్రీంకోర్టు స్త్రీల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికను ఆధారముగ గైకొని, పనిచేయు చోట స్త్రీలకు రక్షణ నియమములు చేసినదని చెప్పినచో, తరగతిలోని ప్రతి బాలికయు తలయెత్తి వినును.

విద్యార్థులారా, మీకొక మనవి. ఏ భాషలో చదివినను, చదివినదానిని తెలుగున వ్రాయుడు. తీరపు పల్లెలోని తల్లికి 73వ అధికరణము ఆంగ్లమున ఉండి లాభమేమి? అమె చదువగల మాటలలో నాలుగు పుటలు వ్రాసియిచ్చినవారు, హేగు చూడకపోయినను, ఈ శాస్త్రమునకు సేవచేసినవారే.

ఈ మాటలన్నియు ఆనాడు ఆ తండ్రీకూతుళ్ళతో చెప్పితిని. తండ్రి ముఖమున ఊరట కనబడినది. కూతురు మాత్రము మెల్లగ, “పొలం నిలబడుతుంది మాస్టారూ. నా ఏళ్ళ మాటేమిటి? ఈ ఏడు పోతే మళ్ళీ పెళ్ళి సంబంధాల మాట వస్తుంది,” అన్నది. ఎకరమును కొలిచితిని గాని ఆమె కాలమును కొలువలేదని అప్పుడు గ్రహించితిని. “రెండేళ్ళ వరకు ఆ మాట ఎత్తనని మీరు నాకు మాట ఇవ్వండి,” అని తండ్రిని అడిగితిని. ఆయన కూతురి వంక చూచి, “సరే మాస్టారూ, ఇచ్చాను. రెండేళ్ళు చదవనీండి. వేతనం వచ్చిందా, సంతోషం. రాకపోతే ఎకరం సంగతి మళ్ళీ మీ దగ్గరికే తెస్తాం,” అన్నారు.

తప్పక తెత్తురు. ఆనాటికి నేనును సిద్ధముగ నుండవలెనని, ఈ వయస్సున సముద్ర న్యాయ ఒడంబడికను ముందు పెట్టుకొని కూర్చుంటిని. మొత్తము 320 అధికరణములు. ఇంకను నూరు దాటలేదు.